గంట ప్రయాణమైనా విమానంలో ఆ పెట్టె ఉండాల్సిందే

గన్నవరంలో ఎక్కితే హైదరాబాద్‌కి గంట. ఇంత చిన్న ప్రయాణానికి గుండెకు షాక్ ఇచ్చే యంత్రం, అంటే ఏఈడీ, దేనికని ఎవరికైనా అనిపించవచ్చు. నిమిషాల లెక్క చూస్తే ఆ మాట అనలేం.

గుండెపోటులో రక్తనాళం మూసుకుపోతుంది. మనిషి చాలాసార్లు స్పృహలోనే ఉంటాడు, నొప్పి అని చెప్పగలడు. గుండె ఉన్నట్టుండి రక్తం పంపడం ఆపేసే కార్డియాక్ అరెస్ట్ అలా కాదు. అందులో షాక్‌తో సరిచేయగలిగే రకంలో గుండె కింది గదుల్లో విద్యుత్ సంకేతాలు గాడి తప్పి, కండరం కొట్టుకోవడం మాని వణుకుతుంది. మెదడుకు రక్తం అందక మనిషి క్షణాల్లో కుప్పకూలతాడు. సీపీఆర్, అంటే ఛాతీని నొక్కి రక్తం ఆడించడం, చేసేవాళ్లు కూడా లేకపోతే, షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. పైలట్ వెంటనే వెనక్కి తిప్పినా, విమానం దిగి, తలుపు తెరిచి, డాక్టర్ లోపలికొచ్చేసరికి పది నిమిషాలు ఎప్పుడో దాటిపోతాయి. విజయవాడ, గుంటూరుల్లో ఎంతమంది కార్డియాలజిస్టులున్నా ఆ పది నిమిషాలు వాళ్ల చేతుల్లో లేవు.

1965లో బెల్‌ఫాస్ట్‌లో డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అంబులెన్స్‌లో పెట్టిన తొలి యంత్రం బరువు దాదాపు 70 కిలోలు. ఇప్పటి ఏఈడీని ఒక్క చేత్తో పట్టుకెళ్లొచ్చు. ఆన్ చేస్తే ఏం చేయాలో అదే మాట్లాడి చెబుతుంది. చొక్కా విప్పి, ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద అంటించాలి. మన ఎండలకు ఛాతీ చెమటతో తడిసి ఉంటే ముందు తుడవాలి, లేకపోతే ప్యాడ్ పట్టదు. గుండె లయను యంత్రమే చదువుతుంది, అవసరం లేకపోతే షాక్ ఇవ్వదు. సినిమాల్లో గీత చదునైపోయాక షాక్ ఇస్తారు కానీ, పూర్తిగా ఆగిన గుండెకు షాక్ పనిచేయదు.

అమెరికా 2001లో నిబంధన తెచ్చింది. కనీసం ఒక ఫ్లైట్ అటెండెంట్ ఉండి, 7,500 పౌండ్లకు, అంటే సుమారు 3,400 కిలోలకు మించి బరువు మోసే ప్రయాణికుల విమానాల్లో 2004 ఏప్రిల్ నాటికి ఏఈడీ ఉండాలంది. ఆ కొలతకు డెబ్బై మంది పట్టే ఏటీఆర్ 72 కూడా వస్తుంది. గన్నవరం నుంచి ఎగిరే ప్రతి విమానానికీ అదే కొలత పెట్టాలని నా వాదన.

పెట్టె ఒక్కటే ఉంటే సరిపోదు. బ్యాటరీకీ, ప్యాడ్లకూ గడువు తేదీ ఉంటుంది, అది చూసుకోవాలి. సిబ్బందికి మళ్లీ మళ్లీ శిక్షణ ఇవ్వాలి. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కడం మామూలు శ్రమ కాదు, రెండు నిమిషాలకే చేతులు అలసిపోతాయి, మనిషి మారాలి. చిన్న విమానంలో సిబ్బంది ఇద్దరో ముగ్గురో ఉంటారు. అందుకని సీపీఆర్ నేర్చుకున్న ప్రయాణికులు లేచి ముందుకు రావాలి.