17 శాతం ఓట్లతో సెనేట్‌కు: హైమే గుజ్మాన్ పేరు మళ్లీ ఎందుకు వినిపిస్తోంది?

మితవాద (రైట్ వింగ్) నేత హోసే ఆంటోనియో కాస్ట్ అధ్యక్షుడిగా గెలిచిన దగ్గర్నుంచి చిలీలో ఓ పాత పేరు మళ్లీ నలుగుతోంది. ఆ పేరు హైమే గుజ్మాన్. లాయర్, క్యాథలిక్ యూనివర్సిటీలో రాజ్యాంగ న్యాయం బోధించిన ప్రొఫెసర్, కొంతకాలమే సెనేటర్. కాస్ట్ అదే యూనివర్సిటీలో లా చదివారు. గుజ్మాన్ మొదలుపెట్టిన 'గ్రెమియలిస్మో' అనే విద్యార్థి ఉద్యమంలోనే రాజకీయం నేర్చుకున్నారు. గురువు రాసిన రాజ్యాంగమే ఇప్పటికీ అమల్లో ఉంది, శిష్యుడు అధ్యక్షుడయ్యారు. ఆ రాజ్యాంగంపై పాత గొడవ రేగడానికి ఇంతకన్నా ఏం కావాలి?

1973లో వామపక్ష అధ్యక్షుడు అయెందే ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసిన కథ, ఆ తర్వాత సైనిక నియంత పినోచెట్ పాలన కథ పాఠకులకు తెలిసినవే. ఆ వెంటనే కొత్త రాజ్యాంగం కోసం వేసిన కమిషన్‌లో గుజ్మాన్ ఉన్నారు. అప్పటికి ఆయన వయసు 27. ఓటర్ల జాబితాలే లేకుండా 1980లో జరిపిన ప్రజాభిప్రాయ సేకరణలో ఆ రాజ్యాంగం 'ఆమోదం' పొందింది. చాలామంది ఆయన కథను అక్కడ మొదలుపెట్టి 1991 నాటి హత్యతో ముగిస్తారు. కానీ ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 1989 డిసెంబర్ 14. ఆ రోజు చిలీలో ఎన్నికలు జరిగాయి. (కాస్ట్ గెలిచింది కూడా 2025లో అదే తేదీన. ఇది కాకతాళీయమే.)

ఆ ఎన్నికల్లో గుజ్మాన్ పశ్చిమ సాంటియాగో నుంచి సెనేట్‌కు పోటీ చేశారు. మన దగ్గర ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు. అక్కడ నియోజకవర్గానికి రెండు సీట్లు, ఒక్కో కూటమికి ఇద్దరు అభ్యర్థులు. ఒక కూటమికి రెండు సీట్లూ దక్కాలంటే దానికి వచ్చిన మొత్తం ఓట్లు రెండో కూటమి ఓట్లకు రెట్టింపు దాటాలి. లేదంటే చెరొకటి. పేరు 'బైనామినల్'. 1988 అక్టోబర్‌లో తన కొనసాగింపుపై జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో పినోచెట్ ఓడిపోయాక, దిగిపోయే లోపు సైనిక ప్రభుత్వం దీన్ని చట్టం చేసింది. ఇది గుజ్మాన్ ఒక్కరే రాసిన చట్టమేమీ కాదు.

ఇక ఫలితం. ప్రజాస్వామ్య కూటమి కన్సెర్తాసియోన్ తరఫున ఆంద్రెస్ సాల్దీవర్‌కు 31 శాతం పైన, రికార్డో లాగోస్‌కు 30.6 శాతం వచ్చాయి. మితవాద కూటమిలో గుజ్మాన్‌కు 17 శాతం, మిగెల్ ఒతేరోకు 15 శాతం. మొదటి కూటమి మొత్తం దాదాపు 62, రెండోది 32.5. రెట్టింపు అంటే 65 కావాలి. మూడు శాతం తగ్గింది. దాంతో ఓట్లలో రెండో స్థానంలో ఉన్న లాగోస్ ఇంటికి, మూడో స్థానంలో ఉన్న గుజ్మాన్ సెనేట్‌కు వెళ్లారు.

ఒక్క సీటుకు ఇంత రాద్ధాంతం ఎందుకంటే, అది ఒక్క సీటు లెక్క కాదు కాబట్టి. ఆ సెనేట్‌లో ఎన్నికైన 38 మందిలో 22 మంది కన్సెర్తాసియోన్ వాళ్లే. కానీ 1980 రాజ్యాంగం మరో తొమ్మిది మందిని ఎన్నిక లేకుండానే కూర్చోబెట్టింది. మొత్తం 47. గెలిచిన కూటమికి 22, అవతల 25. లాగోస్ గెలిచి ఉన్నా 23, 24 అయ్యేది. అంటే తాళం ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి వేసి ఉన్నాయి. కీలక చట్టాలు మార్చాలంటే ఏడింట నాలుగు వంతుల ఓట్లు, రాజ్యాంగం మార్చాలంటే ఇంకా ఎక్కువ.

ఇది యాదృచ్ఛికంగా జరిగిందని ఎవరూ అనలేరు. గుజ్మాన్ స్వయంగా 1979లో 'రెయాలిదాద్' పత్రికలో దాపరికం లేకుండా రాశారు. రేపు ప్రత్యర్థులే పాలించినా, మనం కోరుకునేదానికి పెద్దగా భిన్నంగా ఏమీ చేయలేనంతగా ఆట స్థలమే వాళ్ల చేతులు కట్టేయాలన్నది దాని సారాంశం. పదేళ్ల తర్వాత ఆ స్థలంలో ఆయనే ఆటగాడిగా దిగి, ఆ నిబంధనతోనే గెలిచారు.

ఆయన అభిమానులు చెప్పేది వేరు. అధికారం వదలడం ఇష్టంలేని సైన్యాన్ని ఒక గడువుకు, ఒక రాజ్యాంగానికి కట్టుబడేలా చేసింది ఆయనేనని, రహస్య పోలీసు అధిపతి మాన్యుయెల్ కాంట్రేరాస్‌తో తలపడ్డారని, 1983లో యూడీఐ పార్టీ పెట్టి పేదల బస్తీల్లోకి వెళ్లారని గుర్తుచేస్తారు. ఇందులో నిజం లేకపోలేదు.

సెనేటర్‌గా చివరి వారాల్లో ఆయన, ఉగ్రవాద నేరాల్లో శిక్ష పడ్డవారికి అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టే వీలు కల్పించే సవరణను గట్టిగా వ్యతిరేకించారు. 1991 ఏప్రిల్ 1న యూనివర్సిటీలో క్లాసు చెప్పి కారులో వెళ్తుండగా ఆయన్ను మాన్యుయెల్ రోద్రిగెస్ పేట్రియాటిక్ ఫ్రంట్ అనే వామపక్ష సాయుధ సంస్థ సభ్యులు కాల్చి చంపారు. నియంతృత్వ కాలపు హత్యలు, అదృశ్యాలపై రెట్టిగ్ కమిషన్ నివేదిక బయటికొచ్చి నెల కూడా కాలేదు. దాని మీద దేశంలో జరగాల్సిన చర్చ ఆ తూటాలతో పక్కకు పోయింది. కేసులో శిక్ష పడ్డ రికార్డో పాల్మా సాలమాంకా 1996లో జైలు నుంచి హెలికాప్టర్‌లో పారిపోయారు, 2018లో ఫ్రాన్స్ ఆయనకు ఆశ్రయం ఇచ్చింది. ఈ గాయం మితవాదుల్లో ఇంకా పచ్చిగానే ఉంది.

ఆ తాళాలు విప్పడానికి మాత్రం పాతికేళ్లు దాటింది. 1989లో ఓడిన లాగోస్ 2000లో అధ్యక్షుడయ్యారు. 2005లో నామినేటెడ్ సెనేటర్లను తొలగించి, రాజ్యాంగం మీద పినోచెట్ సంతకం స్థానంలో తన సంతకం పెట్టారు. బైనామినల్‌ను మాత్రం ఆయన కదిలించలేకపోయారు. అది 2015లో అధ్యక్షురాలు బాచెలెట్ హయాంలో రద్దయింది. రాజ్యాంగాన్నే మార్చేద్దామని 2020లో 78 శాతం మంది ఓటేశారు. తీరా 2022లో వామపక్ష ముసాయిదానూ, 2023లో కాస్ట్ పార్టీ ఆధిపత్యంలో తయారైన ముసాయిదానూ ప్రజలు తిరస్కరించారు.

ఈ హడావుడిలో పెద్దగా ఎవరూ పట్టించుకోని మార్పు ఒకటుంది. రాజ్యాంగ సవరణకు కావాల్సిన ఓట్లను 2022లో ఏడింట నాలుగు వంతులకు తగ్గించారు. కీలక చట్టాలకు అప్పటిదాకా ఉన్న ఏడింట నాలుగు వంతుల షరతును 2023 జనవరిలో తీసేసి, సభ్యుల్లో సగం కంటే ఎక్కువ ఉంటే చాలన్నారు. గుజ్మాన్ కట్టుదిట్టాలు సడలాలని దశాబ్దాలుగా అడిగింది వామపక్షమే. ఇప్పుడు ఆ సడలింపు కాస్ట్‌కూ వర్తిస్తుంది. పార్లమెంటులో సగానికి పైగా ఓట్లు కూడగట్టగలిగితే, ఒకప్పుడు గుజ్మాన్ ప్రత్యర్థులు తాకలేకపోయిన చట్టాలను ఆయన శిష్యుడు తిరగరాయొచ్చు.