బ్రౌజర్ అప్‌డేట్ చేశాం కదా, పాత లోపాలు పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

విజయవాడలో ఆడిటర్ ఆఫీసులకు, మందుల ఏజెన్సీలకు కంప్యూటర్లు చూసిపెట్టడం నా పని. పదహారేళ్లుగా ఇదే. "క్రోమ్ నిన్ననే అప్‌డేట్ కొట్టామండీ, ఇంక భయం లేదుగా?" అని వారానికి ఒకరైనా అడుగుతారు. లేదనేస్తే ఫోన్ తొందరగా పెట్టేయొచ్చు. కానీ లోపం ఎక్కడ కాపురముంటోందో చూడకుండా ఆ మాట చెప్పలేను.

అపోహ: కొత్త వెర్షన్ వస్తే, పాత వెర్షన్‌తో పాటు దాని లోపాలూ పోతాయి

2006 అక్టోబరు 18న మైక్రోసాఫ్ట్ తన బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 7 విడుదల చేసింది. ఐదేళ్లు ఆరో వెర్షన్‌తో తిట్లు తిన్న కంపెనీ, ఈసారి భద్రతకే పెద్దపీట అంది. మర్నాటికల్లా డెన్మార్క్‌లోని సెక్యూనియా అనే కంప్యూటర్ భద్రతా సంస్థ అందులో ఒక లోపం బయటపెట్టింది. మీరు ఒకపక్క బ్యాంకు సైటులో లాగిన్ అయి ఉండి మరోపక్క మోసపు పేజీ తెరిస్తే, ఆ పేజీ బ్యాంకు సైటులోని సమాచారాన్ని చదివేయగలదు. తమాషా ఏమిటంటే, ఇదే లోపం ఆరో వెర్షన్‌లో ఉందని ఆ ఏడాది ఏప్రిల్‌లోనే బయటపడింది.

మైక్రోసాఫ్ట్ జవాబు ఇంకా తమాషా. ఈ లోపం బ్రౌజర్‌ది కాదు, ఔట్‌లుక్ ఎక్స్‌ప్రెస్‌కు చెందిన భాగానిది అంది. సాంకేతికంగా నిజమే. 'ఎంహెచ్‌టీఎంఎల్' అని మొదలయ్యే చిరునామాలను తెరిచే భాగం ఆ మెయిల్ ప్రోగ్రామ్‌తో వచ్చింది, బ్రౌజర్ దాన్ని వాడుకుంటుందంతే. వీధి తలుపు కొత్తది పెట్టించి, పెరటి గోడ పక్కింటివాళ్లది కాబట్టి దాంతో మాకు పనిలేదన్నట్టుంది. దొంగ అదంతా అడుగుతాడా?

ఇది పాత కథ అనుకునేవాళ్ల కోసం: 2022 జూన్‌లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు అధికారికంగా మంగళం పాడారు. అయినా దాని గుండెకాయ లాంటి ఎంఎస్‌హెచ్‌టీఎంఎల్, అంటే పేజీని తెరిచి చూపించే భాగం, విండోస్‌లోనే ఉండిపోయింది, ఇప్పటికీ ఉంది. 2024 జులై 9న మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చిన ఒక లోపంలో, పీడీఎఫ్‌లా కనిపించే షార్ట్‌కట్ ఫైలును నొక్కితే చాలు, విండోస్ 11లో కూడా ఆ పాత ఎక్స్‌ప్లోరరే లేచి కూర్చునేది. అందుకు వాడిన కిటుకులో మళ్లీ అదే 'ఎంహెచ్‌టీఎంఎల్'. చెక్‌పాయింట్ అనే భద్రతా సంస్థ పరిశోధకులకు దొరికిన ఇలాంటి మోసపు ఫైళ్ల నమూనాల్లో కొన్ని 2023 జనవరి నాటివి. అంటే ఏడాదిన్నర పాటు క్రోమ్, ఎడ్జ్ ఎంత తాజాగా ఉంచుకున్నా ఈ దారి తెరిచే ఉంది. దాన్ని మూసింది విండోస్ అప్‌డేట్. అదేమో మన ఆఫీసుల్లో 'సిస్టమ్ స్లో అవుతోంది' అని ఎవరో ఒకరు ఆపేసి ఉంచుతారు.

అపోహ: అప్‌డేట్ పాతదాన్ని తుడిచేసి కొత్తది పెడుతుంది

ఆడిటర్ ఆఫీసులవాళ్లకు జావా గుర్తుండే ఉంటుంది. రిటర్నుల మీద డిజిటల్ సంతకం పెట్టాలంటే ఒకప్పుడు బ్రౌజర్‌లో జావా నడవాల్సిందే. అప్‌డేట్ చేయమని అది అడిగినప్పుడల్లా చేసేవాళ్లం. నేను కంట్రోల్ ప్యానెల్ తెరిచి చూస్తే జావా 6 ఒకటి, జావా 7 రెండు, వరసగా కూర్చుని ఉండేవి. అప్‌డేట్ చేస్తే అంతకుముందున్న ఒక్క వెర్షనే పోయేది, ఇంకా పాతవి అలాగే ఉండేవి. దాడి చేసేవాడికి ఆ పాతది ఒక్కటి దొరికితే చాలు. ఈ సంగతి జనానికి సరిగా చెప్పకుండా, అప్‌డేట్ చేస్తే సురక్షితమని నమ్మించారంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ జావా కంపెనీ ఒరాకిల్ మీద కేసు పెట్టింది. 2015 డిసెంబరులో రాజీ కుదిరింది. పాత వెర్షన్ల గురించి వాడేవాళ్లను హెచ్చరించి, వాటిని తీసేసే వీలు కల్పించాలన్నది షరతు.

అపోహ: క్రోమ్‌లో సరిచేశారంటే నా కంప్యూటర్‌లో సరైనట్టే

2023 సెప్టెంబరులో వెబ్‌పీ బొమ్మలను తెరిచే లిబ్‌వెబ్‌పీ అనే లైబ్రరీలో (రకరకాల ప్రోగ్రాములు అరువు తెచ్చుకుని వాడే రెడీమేడ్ కోడు) ప్రమాదకరమైన లోపం దొరికింది. కనిపెట్టేసరికే దాన్ని దాడులకు వాడుతున్నారు. గూగుల్, మొజిల్లా వెంటనే ప్యాచ్ ఇచ్చాయి. అయితే ఆ లైబ్రరీ బ్రౌజర్ల సొత్తేం కాదు. ఎలక్ట్రాన్ అనే యాప్‌లు తయారుచేసే సాధనం మీద కట్టిన డెస్క్‌టాప్ యాప్‌లు ఒక్కొక్కటీ తమ పొట్టలో సొంత క్రోమియం, అంటే క్రోమ్‌కు మూలమైన బ్రౌజర్, మోసుకు తిరుగుతాయి. సిగ్నల్, స్లాక్ లాంటివి అన్నమాట. క్రోమ్‌ను మార్చితే వాటి పొట్టలోది మారదు. ఆ యాప్‌వాళ్లు ఇచ్చే అప్‌డేట్ విడిగా రావాలి, విడిగా ఎక్కించాలి.

ఐఫోన్ అయితే ఇంకో మెలిక. మన దేశంలో ఐఫోన్ మీద క్రోమ్ పెట్టుకున్నా, ఫైర్‌ఫాక్స్ పెట్టుకున్నా, లోపల పేజీని చూపించేది ఆపిల్ వారి వెబ్‌కిట్టే. అందులో లోపముంటే యాప్ స్టోర్‌లో క్రోమ్ అప్‌డేట్ నొక్కి లాభం లేదు, ఐఓఎస్ అప్‌డేట్ చేయాలి.

అపోహ: అప్‌డేట్ దిగింది కాబట్టి పనైపోయింది

దిగడం వేరు, ఎక్కడం వేరు. బ్రౌజర్ మూసి మళ్లీ తెరిచేదాకా నడుస్తున్నది పాతదే. సెప్టెంబరు గడువు ముందు ఆడిటర్ ఆఫీసులకు వెళ్లి చూడండి, ఒక్కో స్క్రీన్ మీద నలభై ట్యాబులు, పది రోజులుగా మూసిన పాపాన పోరు. పైన మూలన 'రీలాంచ్' అని ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. "ముట్టుకోవద్దు బాబూ, పోర్టల్ నుంచి మళ్లీ బయటికి తోసేస్తుంది" అంటారు. వాళ్ల బాధ నాకూ తెలుసు, కానీ ఇక్కడొక చిక్కుంది. క్రోమియం కోడు అందరికీ కనిపించేదే. ఏ లోపాన్ని ఎలా సరిచేశారో దాడి చేసేవాళ్లు కూడా చదువుతారు, ఇంకా అప్‌డేట్ ఎక్కనివాళ్ల మీద ప్రయోగిస్తారు. ఆ మధ్య కాలాన్ని తగ్గించడానికే 2023 ఆగస్టు నుంచి గూగుల్ వారం వారం భద్రతా అప్‌డేట్లు ఇస్తోంది. పది రోజులు ట్యాబులు మూయకపోతే ఆ వారాలన్నీ దండగే.

అపోహ: ఒకసారి సరిచేసిన లోపం మళ్లీ రాదు

వస్తుంది. ఆపిల్ బ్రౌజర్ సఫారీలో 2013లో ఒక లోపాన్ని పూర్తిగా సరిచేశారు. 2016లో కోడును తిరగరాస్తూ తెలియకుండా మళ్లీ తెచ్చిపెట్టారు. ఆపిల్ దాన్ని మూసింది 2022 ఫిబ్రవరిలో, అప్పటికే దాడుల్లో వాడేశాక. ఆ ఐదేళ్లలో బుద్ధిగా ప్రతి అప్‌డేటూ చేసినవాళ్లందరికీ ఈ పాత లోపం కొత్త వెర్షన్లతో పాటే అందింది.

వచ్చి పోయేవి ఒక రకం, అసలు పోనివి ఇంకో రకం. చూసిన లింకు రంగు మారుతుంది కదా, ఆ రంగును బట్టి మీరు ఏయే సైట్లు చూశారో వేరే సైటు పసిగట్టగలదని ఇరవై ఏళ్ల పైనుంచీ తెలుసు. మధ్యలో అతుకులు వేస్తూ వచ్చారు. మొదలంటా సరిచేసే పద్ధతి 2025లో క్రోమ్ 136తో గానీ రాలేదు.

అపోహ: ఇంత జరిగాక కూడా పోదంటే, అప్‌డేట్ చేసి ఏం లాభం?

పైవన్నీ విని ఒక మందుల ఏజెన్సీ ఓనర్ గారు ఇదే అడిగారు. ఆయన బిల్లింగ్ కంప్యూటర్ విండోస్ 7. దానికి క్రోమ్ 109 తర్వాత మరి రాలేదు, అది 2023 జనవరి నాటిది. అందులోని 'అబౌట్' పేజీ తెరిచి చూపించాను. ఆ తర్వాత క్రోమ్‌లో సరిచేసిన లోపాలు ఈ కంప్యూటర్‌కు ఒక్కటీ అందలేదని చెబితే, "మరి ఇందులోనే బ్యాంకు పని కూడా చేస్తున్నామే" అన్నారు నెమ్మదిగా. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో నడవదట, చేసిపెట్టినతను ఊళ్లో లేడు. ఆ కంప్యూటర్‌కు నెట్ కేబుల్ పీకేసి, బిల్లులకు మాత్రమే ఉంచాను. బ్యాంకు పనికి వాళ్లబ్బాయి లాప్‌టాప్ తెప్పించి, ముందు విండోస్, తర్వాత బ్రౌజర్ అప్‌డేట్ చేసి, ఎవరో పెట్టిన మూడు కూపన్ ఎక్స్‌టెన్షన్లు తీసేశాను. అవి ప్రతి అప్‌డేట్‌లోనూ చెక్కుచెదరకుండా వచ్చినవే.