ఫుల్ ఆటో గన్ మీద మోజు ఎంత, నిజం ఎంత: రేంజ్‌లో పనిచేసేవాడి అపోహలు - వాస్తవాలు

డాలస్ దగ్గర ఒక ఇండోర్ షూటింగ్ రేంజ్‌లో శని, ఆదివారాలు సేఫ్టీ ఆఫీసర్‌గా చేస్తాను. మిగతా అయిదు రోజులూ అందరిలాగే కంప్యూటర్ ఉద్యోగం. ఈ సంగతి బయటపడ్డప్పటి నుంచి మనవాళ్ల ఇళ్లల్లో ఏ ఫంక్షన్‌కి వెళ్లినా ఒకటే ప్రశ్న: "అన్నా, నీ దగ్గర మెషీన్ గన్ ఉందా?" లేదు. కొనాలని కూడా లేదు. ఈ మాట చెబితే నమ్మరు. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: ఏఆర్-15 అంటే మెషీన్ గన్నే.

వాస్తవం: ఏఆర్ అనే అక్షరాలు ఆర్మలైట్ అనే కంపెనీ పేరులోంచి వచ్చాయి. ఆటోమేటిక్ అనే మాటకీ వాటికీ సంబంధం లేదు. షాపులో దొరికే ఏఆర్-15 సెమీ ఆటోమేటిక్. ట్రిగ్గర్ నొక్కితే ఒక తూటా పేలుతుంది, తర్వాతిది దానంతటదే లోడ్ అవుతుంది. అది పేలాలంటే వేలు వదిలి మళ్లీ నొక్కాలి. ఫుల్ ఆటోలో ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే చాలు, మ్యాగజైన్ ఖాళీ అయ్యేదాకా పేలుతూనే ఉంటుంది. సైన్యం వాడే ఎం16, ఈ ఏఆర్-15 చూపుకి అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి టీవీ వాళ్లు కూడా పొరబడుతుంటారు.

అపోహ: అమెరికాలో డబ్బుంటే చాలు, మెషీన్ గన్ కొనేసుకోవచ్చు.

వాస్తవం: డబ్బుతో పాటు ఓపిక, శుభ్రమైన రికార్డు, సరైన రాష్ట్రంలో ఇల్లు కూడా ఉండాలి. గ్యాంగ్‌స్టర్ల గొడవల తర్వాత 1934లో మెషీన్ గన్లకు రిజిస్ట్రేషన్, చేతులు మారినప్పుడల్లా 200 డాలర్ల పన్ను పెట్టారు. ఆ రోజుల్లో థాంప్సన్ అనే మెషీన్ గన్ ఖరీదే దాదాపు అంత. 1968లో సామాన్యుల కోసం దిగుమతి ఆపేశారు. అసలు తలుపు మూసింది మాత్రం 1986లో. అప్పటి అధ్యక్షుడు రేగన్ సంతకం చేసిన చట్టంలో హ్యూస్ సవరణ అనే ఒక్క ముక్క ఉంది. దాని ప్రకారం ఆ ఏడాది మే 19కి ముందు రిజిస్టర్ అయిన గన్లే సామాన్యుల మధ్య చేతులు మారాలి. ఆ తర్వాత తయారైనవి సైన్యానికీ పోలీసులకీ, లైసెన్సున్న కొందరు డీలర్లకీ తప్ప ఎవరికీ కుదరవు.

అంటే సామాన్యులు కొనగలిగేవి దేశం మొత్తానికి సుమారు 1,75,000. కొత్తవి పుట్టవు, పాతవి అరిగిపోతుంటాయి. ఇక ధర సంగతి చెప్పాలా? మంచి ఎం16 అంటే 30,000 డాలర్ల పైమాటే. అది కొనడానికి వేలిముద్రలు, ఫొటోలు, ఊరి పోలీసు పెద్దకి ఒక కాపీ, ఫెడరల్ ఏజెన్సీ ఏటీఎఫ్ అనుమతి కావాలి. కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి చోట్ల ఈ దారి కూడా దాదాపు మూసుకుపోయినట్టే. 2026 జనవరి నుంచి సైలెన్సర్లకి పన్ను సున్నా చేశారు కానీ మెషీన్ గన్లకి ఆ 200 అలాగే ఉంచారు.

అపోహ: గన్ పిచ్చి ఉన్న ప్రతివాడికీ ఫుల్ ఆటో కావాలి.

వాస్తవం: ఒక్కసారి కాల్చి చూడాలని దాదాపు అందరికీ ఉంటుంది. ఇంట్లో పెట్టుకోవాలనే కోరిక చాలా తక్కువమందికి ఉంటుంది. మా రేంజ్‌లో ఫుల్ ఆటో అద్దెకు తీసుకునేవాళ్లని చూస్తుంటే నాకు నవ్వొస్తుంది. మొదటి మ్యాగజైన్‌కి ముఖం చాటంత అవుతుంది. రెండోదానికి ఫోన్‌లో వీడియో. మూడోదానికి టార్గెట్ దగ్గరికి లాక్కుని చూస్తారు. మొదటి తూటా ఛాతీ మీద, రెండోది భుజం మీద, మిగతావి ఎటు పోయాయో పేపర్ మీద జాడ ఉండదు. అప్పుడు బిల్లు అడుగుతారు.

లెక్క చూడండి. నిమిషానికి 900 తూటాల వేగం అనుకుంటే 30 తూటాల మ్యాగజైన్ రెండే సెకన్లలో అయిపోతుంది. ఒక్కో తూటా అర డాలర్ వేసుకున్నా 15 డాలర్లు గాల్లో కలిసిపోతాయి. దీపావళి నాడు పదివేల వాలా కాల్చినట్టే. చూడ్డానికి బావుంటుంది, రోజూ ఎవరు కాలుస్తారు?

గన్ మీద నిజమైన ఇష్టం ఉన్నవాడికి గురి మీద మమకారం. మా దగ్గరికి ప్రతి ఆదివారం వచ్చే ఒకాయన ఒక్కో తూటాకీ చేత్తో బోల్ట్ లాగాల్సిన పాత బోల్ట్ యాక్షన్ రైఫిల్‌తో అయిదు తూటాలు ఒకే కన్నంలో దూర్చాలని మధ్యాహ్నమంతా కూర్చుంటాడు. పోటీల్లో కూడా ఫుల్ ఆటోకి చోటు చాలా తక్కువ. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఎయిర్ రైఫిల్‌తో, ఒక్కో పెల్లెట్ లెక్కన. అంతెందుకు, వియత్నాంలో సైనికులు తూటాలు వృథా చేస్తున్నారని అమెరికా సైన్యమే తర్వాతి ఎం16ఏ2లో ఫుల్ ఆటో తీసేసి, ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే మహా అయితే మూడు తూటాలే పేలేట్టు కట్టేసింది. తర్వాత ఎం4ఏ1తో మళ్లీ తెచ్చుకుంది, అది వేరే సంగతి.

మరి కొనేది ఎవరు? పాత వస్తువుల మీద మోజున్నవాళ్లు, పెట్టుబడిగా చూసేవాళ్లు. తెలిసిన పెద్దాయన ఒకరి దగ్గర థాంప్సన్ ఉంది. ఏడాదికోసారి తీసి తుడిచి, నాలుగు రౌండ్లు కాల్చి మళ్లీ సేఫ్‌లో పెడతాడు. "1986 చట్టం ఎత్తేస్తే బావుండేది కదా" అని ఒకసారి అన్నాను. కస్సుమన్నాడు. ఎత్తేస్తే కొత్తవి చవగ్గా వచ్చేసి ఆయన గన్ ధర పడిపోతుందట! గన్ హక్కుల కోసం గొంతు చించుకునే మనిషి, ఈ ఒక్క నిషేధం దగ్గర మాత్రం మౌనవ్రతం.

అపోహ: కాల్పుల వార్తల్లో కనబడేవి ఈ లీగల్ మెషీన్ గన్లే.

వాస్తవం: రిజిస్టర్ అయిన గన్‌తో నేరం చాలా అరుదు. 30,000 పెట్టి, వేలిముద్రలిచ్చి కొన్నదాంతో ఎవరు దొంగతనానికి పోతారు? ఇప్పుడు పోలీసులకి తలనొప్పి పిస్టల్‌ని ఫుల్ ఆటోగా మార్చడానికి దొంగచాటుగా తగిలించే 'స్విచ్' అనే చిన్న ముక్క. గన్‌కి బిగించకపోయినా ఆ ముక్కే చట్టం దృష్టిలో మెషీన్ గన్. దొరికితే పదేళ్ల వరకూ జైలు. సరదాకి కూడా ముట్టుకోకండి.

2017 అక్టోబర్ 1న లాస్ వేగాస్‌లో జరిగిన సామూహిక కాల్పుల్లో వాడింది బంప్ స్టాక్ అనే పరికరం. సెమీ ఆటోనే ఫుల్ ఆటోలా వేగంగా పేలేట్టు చేస్తుంది. 2019లో నిషేధం అమల్లోకి వచ్చింది. 2024 జూన్ 14న సుప్రీంకోర్టు 6-3తో దాన్ని కొట్టేసింది. ట్రిగ్గర్ ఒక్కో తూటాకీ విడిగా పనిచేస్తోంది కాబట్టి అది మెషీన్ గన్ కిందికి రాదని తీర్పు. చట్టం మాటల ప్రకారం సరే. కానీ ఆ శబ్దం విన్నవాడికి ఆ తేడా ఎలా వివరిస్తాం?

అపోహ: పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటే భయం లేదు.

వాస్తవం: 2014 ఆగస్టులో అరిజోనాలో ఒక రేంజ్‌లో తొమ్మిదేళ్ల పాప చేతికి ఊజీ అనే చిన్న మెషీన్ గన్ ఇచ్చారు. ఫుల్ ఆటోలో పెట్టగానే గన్ పైకి, పక్కకి ఎగిరింది. పక్కన నిలబడ్డ ఇన్‌స్ట్రక్టరే చనిపోయాడు. అందుకే కొత్తవాళ్లకి నేను మొదట ఒక్క తూటా మాత్రమే లోడ్ చేసి ఇస్తాను. తర్వాత రెండు. భుజం, కాళ్లు ఎలా పెట్టారో చూశాకే అయిదు. "ఏంటన్నా, చిన్నపిల్లల్లా" అని విసుక్కుంటారు. విసుక్కోనీ.

అపోహ: అద్దెకు తీసుకుని కాల్చడానికి వీసాతో పనేముంది?

వాస్తవం: ఉంది. ఎఫ్-1, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ చేతిలో ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. రేంజ్‌లో పది నిమిషాలే కదా అనుకోవద్దు. కౌంటర్ దగ్గర ఎవరూ అడగలేదంటే మీకు అనుమతి ఉన్నట్టు కాదు. ఇది చెప్పి వెనక్కి పంపితే కొందరు తమ్ముళ్లు నా మీద అలుగుతారు. వాళ్లని అద్దం ఇవతల కుర్చీలో కూర్చోబెడతా, కాఫీ ఖర్చు నాదే.