లారీ డ్యాష్‌బోర్డులో ట్యాబ్: బిగించడం తేలిక, బతికించడం కష్టం

విజయనగరం నుంచి సాలూరు ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లే బండ్లలోనూ, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి పోయే హైవే బండ్లలోనూ దారి చూపే ఫోను ముందద్దానికి వేలాడుతుంటుంది. దాని బదులు ఎనిమిదంగుళాల ట్యాబ్‌ను డ్యాష్‌బోర్డులోనే కూర్చోబెట్టించుకునే వాళ్లు ఉన్నారు. కోత, బిగింపు ఒక పూట పని. ఆ ట్యాబ్ ఆరు నెలలు పనిచేస్తుందా, మూడేళ్లు పనిచేస్తుందా అన్నది మాత్రం డ్యాష్‌బోర్డు వెనక తేలుతుంది.

ముందు కరెంటు సంగతి. చిన్న పికప్ బండ్లలో 12 వోల్టులు, పెద్ద లారీల్లో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు. ఇంజన్ తిరుగుతుంటే డైనమో దాన్ని 28 దాకా లేపుతుంది. ట్యాబ్‌కు కావలసింది 5 వోల్టులు, 2 నుంచి 3 ఆంపియర్లు. ఈ తేడా చూసి చాలామంది చేసే పని ఒకటుంది: రెండు బ్యాటరీల మధ్య లింకు దగ్గర్నుంచి వైరు లాగి, కింది (ఎర్త్ వైపు) బ్యాటరీ ఒక్కదాని మీద 12 వోల్టుల కారు చార్జరు పెట్టేస్తారు. ట్యాబ్ చక్కగా చార్జవుతుంది. బ్యాటరీలే పాడవుతాయి. డైనమోకు తెలిసేది మొత్తం 28 వోల్టులే. ఏ బ్యాటరీకి ఎంత అందుతోందో దానికి తెలియదు. రోజూ వాడుకున్న కింది బ్యాటరీ 13.2 దగ్గర నిలబడితే, మిగిలిన 14.8 వోల్టులు పైదాని మీద పడతాయి. కిందిది ఎప్పటికీ నిండదు, పైది పొంగి నీళ్లు తాగేస్తుంది. కొన్నాళ్లకు సెల్ఫ్ అందుకోదు, నింద బ్యాటరీ కంపెనీ మీదికి పోతుంది. ఏ సామాను పెట్టినా మొత్తం 24 వోల్టుల మీదే పెట్టాలి.

అందుకు ఆ వోల్టేజీని 5కి దించే కన్వర్టరు కావాలి. ఎలక్ట్రానిక్ దుకాణాల్లో చవగ్గా దొరికే ఎల్‌ఎం 2596 చిప్ బోర్డు 40 వోల్టుల వరకే తట్టుకుంటుంది. 28కి 40 చాలదా అనిపిస్తుంది. చాలదు. డైనమో గట్టిగా చార్జ్ చేస్తున్న సమయంలో బ్యాటరీ టెర్మినల్ వదులై తెగిందంటే, ఆ కరెంటుకు పోయే దారి లేక వోల్టేజీ క్షణంలో కొంత భాగంపాటు వంద దాటుతుంది. దీన్నే లోడ్ డంప్ అంటారు. కొత్త డైనమోల్లో దాన్ని అణిచే డయోడ్లు వస్తున్నాయి, పాత బండ్లలో ఆ ఆశ పెట్టుకోకూడదు. కాబట్టి 60 వోల్టులు తట్టుకునే, మూత సీలు చేసిన కన్వర్టరు కొని, దాని ముందు, ఉన్నట్టుండి ఎగిసే వోల్టేజీని అణిచే 33 వోల్టుల టీవీఎస్ డయోడ్ ఒకటి వేయాలి. చిన్న ఉప్పెనలను అది సుమారు 53 వోల్టుల దగ్గర ఆపుతుంది. ఇంకా పెద్దదైతే డయోడ్ షార్టయి, ముందున్న ఫ్యూజు కొట్టేస్తుంది. మన నష్టం పదుల రూపాయల్లో ఆగుతుంది.

ఫ్యూజు ఎంత? 5 వోల్టులు, 3 ఆంపియర్లంటే 15 వాట్లు. కన్వర్టరు సామర్థ్యం 85 శాతం అనుకుంటే లోపలికి 17.6 వాట్లు, అంటే 24 వోల్టుల దగ్గర ముప్పావు ఆంపియరు లోపే. 2 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. దాన్ని వైరు మొదట్లో, కరెంటు తీసిన చోటికి చేరువలో పెట్టాలి, ఎందుకంటే ఫ్యూజు ఉన్నది ప్రధానంగా వైరు అంటుకోకుండా కాపాడటానికి.

ఇక కన్వర్టరును ఎక్కడ పెట్టాలన్నది. ఫ్యూజు బాక్సు పక్కన పెట్టి అక్కణ్నుంచి పొడుగాటి యూఎస్‌బీ కేబులు లాగితే, తెర మీద చార్జింగ్ గుర్తు కనిపిస్తూనే శాతం తగ్గిపోతుంటుంది. చవక కేబుళ్లలో రాగి తీగ మరీ సన్నం. 28 గేజి తీగకు మీటరుకు 0.21 ఓములు. రెండు మీటర్ల కేబులంటే పోను, రాను నాలుగు మీటర్లు, దాదాపు 0.85 ఓములు. 2 ఆంపియర్లు లాగితే 1.7 వోల్టులు దారిలోనే పోతాయి. 5లో 3.3 మిగిలితే ట్యాబ్ ఊరుకోదు, లాగే కరెంటు తగ్గించుకుంటుంది. వంశధార కాలువ శివారు పొలానికి నీరు చేరినట్టే ఉంటుంది ఆ చార్జింగ్. అదే 24 వోల్టుల వైరును దూరం లాగి, కన్వర్టరును ట్యాబ్ వెనకే పెట్టి, అరమీటరు కేబులు వాడితే నష్టం లెక్కలోకి రాదు. 24 వోల్టుల వైపు 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు.

కరెంటు తీయడానికి మ్యూజిక్ సిస్టం లైను మంచిది. మామూలుగా పసుపు వైరు ఎప్పుడూ ఉండే సప్లై, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. ఎరుపు మీదే కలపాలి. రంగును నమ్మి కాకుండా మల్టీమీటరు పెట్టి కలపాలి. కొన్ని బండ్లలో ఆ లైనులో ముందే 12 వోల్టుల కన్వర్టరు ఉంటుంది. బ్రేకు, హెడ్‌లైటు, ఇంజన్ కంప్యూటరు వైర్ల జోలికి పోకూడదు. వైర్లు మెలిపెట్టి టేపు చుడితే మే నెల వేడికి జిగురు కరిగి టేపు ఊడుతుంది. వైరు కొసలకు లగ్గులు (లోహపు తొడుగులు) నొక్కి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవు వేయాలి. కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బండ్లకు ఇది మరీ అవసరం, ఉప్పుగాలి తెరిచి ఉన్న రాగిని త్వరగా పచ్చగా మారుస్తుంది.

వేడి విషయంలో సర్దుబాటు తప్ప పూర్తి విరుగుడు లేదు. ఎండ ముందద్దంలోంచి లోపలికి వస్తుంది. నల్ల ప్లాస్టిక్ దాన్ని పీల్చుకుని వెదజల్లే పరారుణ కిరణాలను అద్దం బయటికి పోనివ్వదు. అద్దం కింది ప్లాస్టిక్ 60, 70 డిగ్రీలకు చేరడం వింత కాదు. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటాక చార్జ్ చేయకూడదు. చేస్తే లోపలి ద్రావణం విడిపోయి వాయువు పుడుతుంది, ట్యాబ్ వీపు ఉబ్బుతుంది. నూరు శాతం నిండిన బ్యాటరీ మరింత త్వరగా చెడుతుంది కనుక, సెట్టింగ్స్‌లో చార్జింగ్‌ను 80 శాతానికి ఆపే వీలుంటే ఆపేయాలి. ట్యాబ్ వెనక కనీసం 8 మిల్లీమీటర్ల ఖాళీ, కిందా పైనా గాలి సందులు ఉంచాలి. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన 3.5 టన్నులు దాటిన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయింది కాబట్టి కొత్త బండ్లలో కొంత నయం. అయితే వెంట్‌ను నేరుగా ట్యాబ్ మీదికి తిప్పితే, మన తీరపు తేమకు తలుపు తీయగానే చల్లబడిన తెర మీద నీరు పడుతుంది.

చట్రం దగ్గరికి వస్తే, మ్యూజిక్ సిస్టం గుంత కొలత 180 × 50 మిల్లీమీటర్లు, డబుల్ అయితే 180 × 100. ఎనిమిదంగుళాల పైచిలుకు ట్యాబ్ సుమారు 212 × 125 ఉంటుంది. కనుక గుంతలో దూరదు, గుంత ముందు కూర్చుంటుంది. ముందు అట్టముక్కతో అచ్చు కోసి, గేరు లివరు, వైపరు స్విచ్చులు తగలకుండా చూసుకోవాలి. తర్వాత దుకాణాల బోర్డులకు వాడే ఏసీపీ షీటుతోనో, 3 మిల్లీమీటర్ల ఏబీఎస్ ప్లాస్టిక్ షీటుతోనో చట్రం చేయాలి. గీతకు 2 మిల్లీమీటర్లు లోపలే కోసి, మిగతాది ఆకురాయితో అరగదీయాలి. ఎక్కువ కోస్తే తిరిగి రాదు. అతికించే ముందు డ్యాష్‌బోర్డు ప్యానెల్ ఊడదీసి వెనక ముద్ర చూడండి. పీపీ అని ఉంటే అది పాలీప్రొపిలీన్; దానికి ఎంసీల్ కాని, అరాల్డైట్ కాని గట్టిగా పట్టవు. స్క్రూలే గతి. అసలు ఏ ప్లాస్టిక్ అయినా ట్యాబ్‌ను జిగురుతో శాశ్వతంగా అంటించడం తెలివితక్కువ పని. ఉబ్బిన బ్యాటరీని తీయాలన్నా, రాత్రి బండి వదిలి వెళ్లేటప్పుడు ట్యాబ్ వెంట తీసుకెళ్లాలన్నా చేతితో తిప్పే స్క్రూలు రెండు ఉండాలి.

ఆరు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 600 చుట్ల దగ్గర ఊరికే తిరుగుతున్నప్పుడు సెకనుకు 30 సార్లు అదురుతుంది. చట్రం పల్చగా ఉంటే ఆ లయ అందుకుని తెర మసకగా కనిపిస్తుంది, స్క్రూలు వదులవుతాయి. వెనక లోహపు పట్టీ వేసి, రబ్బరు వాషర్లు, అదురుకు వదులు కాని నైలాక్ నట్లు వాడితే ఇది తగ్గుతుంది. ఎక్కువగా చెడేది చార్జింగ్ రంధ్రమే: వేలాడే కేబులు బరువు అదురుకు ఊగి, లోపలి సోల్డరును పగలదీస్తుంది. ఎల్ ఆకారపు పిన్ను పెట్టి, దాని నుంచి రెండంగుళాల్లోపే కేబులును చట్రానికి కట్టేయాలి.

తెరను డ్రైవరు వైపు 15 డిగ్రీలు తిప్పి, కాస్త కిందికి వంచితే ఆకాశపు మెరుపు తగ్గుతుంది. ఐప్యాడ్ కొనేవాళ్లు సిమ్ పట్టేదే తీసుకోవాలి, వైఫై రకంలో జీపీఎస్ ఉండదు. ఘాట్‌లో సిగ్నలు పోయే చోట్లున్నాయి, మ్యాపు ముందే దించుకోవాలి. నడిపేటప్పుడు వీడియోలు వద్దని చెప్పనక్కర్లేదు.

సాలూరు షెడ్డులో బాడీకి వెల్డింగ్ పెట్టించే రోజున మాత్రం బ్యాటరీ నెగటివ్ విప్పి, ఈ ఫ్యూజు పీకి, ట్యాబ్ తీసి పక్కన పెట్టాలి. వెల్డింగ్ కరెంటుకు ఎర్త్ క్లాంపు దూరమైతే, అది వెతుక్కునే దారుల్లో మన కన్వర్టరు ఎర్త్ వైరు కూడా ఒకటి.