వెనక సస్పెన్షన్‌లో ఏ బుష్ ఎక్కడ?

చక్రాన్ని బండి చట్రానికి కలిపే కడ్డీని ఆర్మ్ అంటారు, అది బోల్టుతో బిగిసే కీలులో ఉండే గుండ్రటి ముక్కే బుష్. పాత రబ్బరు బుష్‌ను అడ్డంగా కోసి చూస్తే దాని పనితనం తెలిసిపోతుంది. బయట ఉక్కు చిప్ప, లోపల బోల్టు దూరే ఉక్కు గొట్టం, రెంటి మధ్య రబ్బరు. ఆ రబ్బరు అటు చిప్పకూ ఇటు గొట్టానికీ వల్కనైజ్ అయి అతుక్కుపోయి ఉంటుంది. బోల్టు బిగించాక లోపలి గొట్టం బ్రాకెట్‌తో ఒకటైపోతుంది, బయటి చిప్ప ఆర్మ్ రంధ్రంలో బిగుసుకుని ఉంటుంది. చక్రం లేచి పడుతున్నప్పుడు ఇక్కడ ఏదీ జారదు. రబ్బరు మెలితిరిగి మళ్లీ వెనక్కి వస్తుంది, అంతే. గ్రీజు అక్కర్లేకపోవడానికి, చప్పుడు రాకపోవడానికి కారణం ఇదే.

మెలి ఎంత ఉంటుందో లెక్కవేయడం తేలిక. ఆర్మ్ పొడవు 450 మి.మీ. అనుకుందాం. చక్రం 80 మి.మీ. పైకి లేస్తే ఆర్మ్ సుమారు 10 డిగ్రీలు తిరుగుతుంది. గొట్టం వ్యాసార్ధం 10, చిప్ప లోపలి వ్యాసార్ధం 18 అయితే మధ్యలో ఉన్నది 8 మి.మీ. మందం రబ్బరు. ఆ మందంలో ఒక అంచు రెండో అంచు నుంచి దాదాపు 2.5 మి.మీ. పక్కకు జరుగుతుంది. సహజ రబ్బరుకు ఇది పెద్ద శ్రమేమీ కాదు, లక్షలసార్లు ఓర్చుకుంటుంది.

ఇంతటితో ఆగితే గట్టి పదార్థం వేసుకోవడమే మేలనిపిస్తుంది. కానీ వెనక ఆర్మ్‌లు చాలా బళ్లలో ఒక్క ఇరుసు మీద తిరిగి ఊరుకోవు. మలుపులో బండి ఒరిగినప్పుడు ఆర్మ్ రంధ్రం బోల్టుకు ఏటవాలుగా వాలుతుంది, గుంతలో పడితే చక్రం కొంచెం వెనక్కి జరగాలి. రబ్బరు ఇవన్నీ ఒకేసారి భరిస్తుంది. కాబట్టి రబ్బరా, అంతకన్నా గట్టి ప్లాస్టిక్ అయిన పాలియురేథేనా అని అడిగే ముందు, ఆ కీలు ఎన్ని రకాలుగా ఆడాలో చూడాలి.

రబ్బరు మెత్తదనాన్ని డిజైనర్లు కావాలనే వాడుకుంటారు. బ్రేకు పడినప్పుడు రోడ్డు వెనక చక్రాన్ని వెనక్కి లాగుతుంది. దాంతో సెమీ ట్రెయిలింగ్ ఆర్మ్ (చక్రానికి ముందు, కాస్త ఏటవాలు ఇరుసు మీద తిరిగే ఆర్మ్) ఉన్న బండిలో చక్రం ముందంచు బయటికి తిరగజూస్తుంది, బండి తోక జారడానికి అది చాలు. 1977లో వచ్చిన పోర్షా 928 వెనక ఇరుసులో ఆర్మ్ ముందు కొసన ఒక చిన్న లింకును, బుష్‌లను అమర్చి, బ్రేకు వేసినప్పుడు చక్రం లోపలికే తిరిగేలా చేశారు. అలాంటి చోట బుష్ గట్టిబడితే ఆ ఏర్పాటే పోతుంది. కొన్ని బుష్‌లలో రబ్బరు మధ్య ఖాళీలు కనిపిస్తాయి. అవి లోపాలు కావు. ఒక దిక్కున మెత్తగా, ఇంకో దిక్కున గట్టిగా ఉండటానికే వాటిని వదిలారు.

మరోవైపు, మెత్తదనం శ్రుతి మించితే ఏమవుతుందో చూడండి. టో లింకు (చక్రం దిశను నిలిపి ఉంచే కడ్డీ) బుష్ ఒక్క మిల్లీమీటరు లొంగిందనుకుందాం. చక్రాన్ని తిప్పే ఆ లివర్ 250 మి.మీ. ఉంటే చక్రం దిశ 0.23 డిగ్రీలు, అంటే దాదాపు 14 నిమిషాలు (డిగ్రీలో 60వ వంతు ఒక నిమిషం) మారుతుంది. అలైన్‌మెంట్ చేసేవారు 5 నిమిషాల తేడా కోసం బోల్టు తిప్పుతుంటారు మరి.

ఇక గట్టిదనం అంకెల విషయం. బుష్‌ల గట్టిదనాన్ని షోర్ ఎ అనే కొలతలో చెబుతారు. కొలిచే సూది పూర్తిగా 2.5 మి.మీ. దిగితే 0, అసలు దిగకపోతే 100. కంపెనీ రబ్బరు బుష్ సాధారణంగా 50-65 దగ్గర, పాలియురేథేన్ 75-95 మధ్య ఉంటాయి. 55 నుంచి 90కి వెళ్లడం రెట్టింపు కన్నా తక్కువగా కనిపిస్తుంది గానీ, పదార్థం సాగకుండా నిలదొక్కుకునే బలం సుమారు 7 రెట్లు పెరుగుతుంది. ఎరుపుదా నలుపుదా అని రంగు చూసి కొనేవాళ్లు ఈ అంకె చూస్తే నయం.

పాలియురేథేన్‌తో వచ్చే పెద్ద తేడా వేరే ఉంది. విడిగా అమ్మే వాటిలో చాలావరకు గొట్టానికి అతికి ఉండవు, దాని చుట్టూ జారుతూ తిరుగుతాయి. అందుకే సిలికాన్ ఆధారిత చిక్కటి గ్రీజు కావాలి. అది ఆరిపోతే కీచుమంటుంది. లోపలి గొట్టం పాలియురేథేన్ వెడల్పు కన్నా వెంట్రుకవాసి పొడవుండాలి. పొట్టిగా ఉంటే బోల్టు బిగించగానే బ్రాకెట్ ప్లాస్టిక్‌ను నొక్కేసి ఆర్మ్ బిగుసుకుపోతుంది. బిగించే ముందు స్కేలుతో చూసుకోవడానికి నిమిషం పట్టదు. నీళ్లలో, బురదలో తిరిగే బండికి పాలియెస్టర్ రకం కన్నా పాలియీథర్ రకం మేలు, మొదటిది తేమకు క్రమంగా విరిగిపోతుంది.

స్టెబిలైజర్ బార్ (మలుపులో బండి ఒరగకుండా ఆపే కడ్డీ), పాన్‌హార్డ్ రాడ్ (ఇరుసు పక్కకు జరగకుండా పట్టే కడ్డీ), లీఫ్ స్ప్రింగ్ కళ్లు (పట్టీల స్ప్రింగు కొసల్లోని రంధ్రాలు)... పాలియురేథేన్ ఈ మూడు చోట్లా బాగా నప్పుతుంది. పైలింకులు ఏటవాలుగా ఉండే నాలుగు లింకుల (కడ్డీల) ఘన ఇరుసులో, అంటే రెండు వెనక చక్రాలనూ ఒకే దూలంలా కలిపే ఇరుసులో మాత్రం అన్నిచోట్లా వేయకూడదు. బండి ఒరగాలంటే ఆ లింకులు మెలిపడాలి. మెలిపడనివ్వకపోతే ఇరుసే పెద్ద స్టెబిలైజర్ బార్‌లా మారుతుంది, మలుపు మధ్యలో వెనక టైర్లు హఠాత్తుగా పట్టు వదులుతాయి. పైలింకుల్లో రబ్బరే ఉంచి కిందివి మాత్రం మార్చుకోవడం తెలివైన పని.

ఎసిటాల్ ప్లాస్టిక్ ఇంకా గట్టిది, నున్నగా తిరుగుతుంది, నీళ్లు దాదాపు పీల్చదు. ఒక్క ఇరుసు మీద తిరిగే కీలుకు భేషుగ్గా పనికొస్తుంది, వాలాల్సిన చోట పగులుతుంది. నైలాన్ వద్దు, నీళ్లు పీల్చి ఉబ్బి గొట్టాన్ని పట్టేస్తుంది. అన్ని దిక్కులా తిరుగుతూ రవ్వంత కూడా లొంగనిది గోళాకార బేరింగ్. రేసు బండికి అదే సరి. రోజువారీ బండిలో దుమ్ము పడి అరుగుతుంది, రోడ్డు రొద అంతా లోపలికి వస్తుంది.

మార్చే పనిలో ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. బండిని జాకీ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగానే రబ్బరు బుష్ బోల్టులు పూర్తిగా బిగించేస్తారు. కిందికి దించగానే రబ్బరు 10 డిగ్రీలు మెలిపడి నిలబడుతుంది, గుంతలో పడితే 20 అవుతుంది. కొన్ని నెలల్లోనే చిప్ప నుంచి ఊడివస్తుంది. ఎత్తకముందే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుదాకా కొలిచి రాసుకోవాలి. కొత్త బుష్ పెట్టాక ఆర్మ్ కింద జాకీ పెట్టి అదే కొలత వచ్చేదాకా లేపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో బిగించాలి.

ప్రెస్‌లో దించేటప్పుడు బయటి చిప్ప మీదే ఒత్తాలి. లోపలి గొట్టం మీద ఒత్తితే రబ్బరు అతుకు అప్పుడే చినుగుతుంది. జారడానికి సబ్బు నీళ్లు చాలు, పెట్రోలియం గ్రీజు సహజ రబ్బరును ఉబ్బిస్తుంది. ఖాళీలున్న బుష్ అయితే పాతది తీసేముందు దాని దిశను ఆర్మ్ మీద గీత గీసి గుర్తుపెట్టుకోవాలి. పాలియురేథేన్‌ను గ్యాస్ మంటతో కాల్చి తీయకండి, ఆ పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది.

పాత రబ్బరు పైపైన సన్నగా బీటలిస్తే భయం లేదు. గడ్డపార లాంటి ప్రై బార్ పెట్టి కదిపినప్పుడు రబ్బరుకూ లోహానికీ మధ్య సందు తెరుచుకుంటే మాత్రం మార్చాలి. ఎడమా కుడీ జతగానే మార్చి, చివర్లో నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించాలి.