బబూన్ నుంచి సికిల్ సెల్ గోలీ దాకా: పిండ హిమోగ్లోబిన్‌పై అపోహలు - వాస్తవాలు

ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్. 2023 జులై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. అప్పటి నుంచి ఉట్నూరు, ఆసిఫాబాద్, ఏటూరునాగారం వైపు గూడేల్లో హిమోగ్లోబిన్ రిపోర్టులు చేతికొస్తున్న కుటుంబాలు ఎక్కువయ్యాయి. ఆ కాగితంలో అందరినీ తికమక పెట్టే గడి హెచ్‌బీఎఫ్, అంటే పిండ హిమోగ్లోబిన్. దాని గురించి ఈ రోజు మనకు తెలిసినదాంట్లో పెద్ద వాటా కోతుల దగ్గర నేర్చుకున్నదే. ఆ పరిశోధన మీదా అపోహలు తక్కువేం లేవు.

అపోహ: హెచ్‌బీఎఫ్ ఎక్కువని వస్తే అదో జబ్బు.

వాస్తవం: ముందు వయసు చూడాలి. కడుపులో బిడ్డకు మూడో నెల నుంచి కాన్పు దాకా ప్రధాన హిమోగ్లోబిన్ ఇదే. రెండు ఆల్ఫా, రెండు గామా గొలుసులు కలిసి ఇది తయారవుతుంది. పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో గామా స్థానంలో బీటా ఉంటుంది. పుట్టినప్పుడు 60 నుంచి 80 శాతం ఉండే హెచ్‌బీఎఫ్ ఏడాది నిండేసరికి మామూలు పిల్లల్లో 2 శాతం లోపుకు దిగుతుంది. మూడు నెలల పసివాడి రిపోర్టులో 30 శాతం కనబడిందని కంగారు పడనక్కర్లేదు. సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో ఈ దిగడం నెమ్మదిగా సాగుతుంది. హెచ్‌బీఎఫ్ కణాన్ని కొడవలిలా వంగనివ్వదు కాబట్టి అది వాళ్లకు మేలే.

అపోహ: పుట్టగానే చేసిన పరీక్షలో నెగెటివ్ వచ్చింది కాబట్టి బిడ్డకు సికిల్ లేదు.

వాస్తవం: ఏ పరీక్ష చేశారో అడగండి. క్యాంపుల్లో చేసే సాల్యుబిలిటీ పరీక్ష ఆరు నెలల లోపు పిల్లలకు పనికిరాదు. హెచ్‌బీఎఫ్ నిండుగా ఉండి సికిల్ హిమోగ్లోబిన్ కొద్దిగానే ఉంటుంది కాబట్టి, సికిల్ ఉంటే మసకబారాల్సిన ద్రవం మసకబారదు. రక్తం బాగా తక్కువున్న పెద్దవాళ్లలోనూ తప్పుడు నెగెటివ్ వస్తుంది. హిమోగ్లోబిన్ 7 గ్రాముల కంటే తక్కువుంటే శాంపిల్ రెట్టింపు వేయాలి. ఈ పరీక్ష పాజిటివ్ వచ్చినా వాహకుడో రోగో చెప్పదు. ఊదా మూత ఈడీటీఏ ట్యూబులో 2 మిల్లీలీటర్లు తీసి, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరీక్షకు పంపితేనే తేలుతుంది. రక్తం ఎక్కించి మూడు నెలలు కాకుండా పంపితే దాత రక్తం కూడా లెక్కలోకి వస్తుంది, రిపోర్టు మోసం చేస్తుంది. అసలు బాధలు ఐదారు నెలలకు, హెచ్‌బీఎఫ్ దిగాక, అరచేతులూ పాదాలూ ఉబ్బి నొప్పితో మొదలవుతాయి. అప్పటిదాకా బిడ్డ ఆరోగ్యంగానే కనిపిస్తాడు.

అపోహ: ఎలుకలు ఉండగా కోతులెందుకు? ఇదంతా డబ్బు దండగ.

వాస్తవం: ఎలుకకు పిండ హిమోగ్లోబిన్ అనేదే లేదు. పిండం తొలి దశలో ఉండే హిమోగ్లోబిన్ నుంచి నేరుగా పెద్ద ఎలుక హిమోగ్లోబిన్‌కు మారిపోతుంది. మనిషి జన్యువులు పెట్టిన ఎలుకల్లో కూడా గామా ఎక్కువగా ఆ తొలి దశలోనే పనిచేసి ఆగిపోతుంది. బబూన్, రీసస్ లాంటి కోతుల్లో మాత్రం గామా జన్యువు మనలో లాగే కాలేయంలో రక్తం తయారయ్యే దశ దాకా నడిచి, పుట్టుక చుట్టుపక్కల ఆగుతుంది. ఆగినదాన్ని మళ్లీ నడిపించవచ్చా అనే ప్రశ్న అడగాలంటే ముందు ఆగే ఏర్పాటు ఆ జంతువులో ఉండాలి కదా.

రెండో కారణం ఆయుష్షు. మజ్జలో రక్తాన్ని పుట్టించేవి మూలకణాలు. మూలకణ మార్పిడి తర్వాత తొలి నెలల్లో రక్తం ఎక్కువగా కొన్నాళ్లే బతికే కణాల నుంచి వస్తుంది. అసలు మూలకణాలు బరువెత్తుకునేది తర్వాతే. రెండేళ్లు బతికే ఎలుకలో ఈ తేడా సరిగా తెలియదు. రీసస్‌లో ఏళ్ల తరబడి గమనించవచ్చు.

కోతులన్నీ ఒకటే అనుకోవడం కూడా పొరపాటు. గలాగో అనే చిన్న ప్రైమేట్‌లో గామా పిండం తొలి దశకే పరిమితం.

అపోహ: ఊళ్లో మక్కలు తినిపోయే కోతుల్ని పట్టి ల్యాబులకు ఇస్తే రెండు పనులూ అవుతాయి.

వాస్తవం: కుదరదు. వయసు తెలియదు, పాత జబ్బుల చరిత్ర తెలియదు. సిమియన్ రెట్రోవైరస్ ఉన్న కోతిలో ఏ మందూ వేయకుండానే రక్తకణాలు తగ్గుతాయి, ప్రయోగం మొత్తం పాడు. రీసస్ లాంటి మకాక్ కోతుల్లో హెర్పిస్ బి వైరస్ ఉండొచ్చు, అది మనిషికి సోకితే ప్రాణం తీయగలదు. అందుకే నమోదైన పెంపక కేంద్రాల జంతువులనే, సంస్థ నైతిక కమిటీ, సీసీఎస్ఈఏ (జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ) అనుమతులతో వాడతారు. రీసస్ ఎగుమతిని మన దేశం 1978లోనే ఆపేసింది. పోనీ మన కోతులన్నీ రీసస్ జాతివేనా అంటే అదీ కాదు. వెనకటి నుంచీ గోదావరి ఉత్తరాన రీసస్, దక్షిణాన టోపీ కోతి. నెత్తి మీద పాపిడి తీసినట్టు వెంట్రుకలు, పొడుగు తోక ఉంటే అది టోపీ కోతి.

అపోహ: హైడ్రాక్సీయూరియా క్యాన్సర్ మందు, సికిల్ సెల్‌కు గుడ్డిగా వాడుతున్నారు.

వాస్తవం: దాని వెనక గట్టి తర్కం ఉంది, అది కోతుల దగ్గరే తేలింది. 1982లో డిసైమోన్, హెల్లర్ బృందం రక్తహీనత తెప్పించిన బబూన్లకు 5-అజాసైటిడిన్ అనే మందు ఇస్తే హెచ్‌బీఎఫ్ బాగా పెరిగింది. జన్యువును ఆపి ఉంచే, డీఎన్‌ఏ మీది మిథైల్ గుర్తులు తొలగి గామా జన్యువు మేల్కొందని వాళ్ల వివరణ. కొందరు ఒప్పుకోలేదు. ఈ మందు వేగంగా విభజన చెందే కణాలను చంపుతోంది, ఆ లోటు పూడ్చడానికి తొలి దశ కణాలు హడావుడిగా ఎర్ర కణాలవుతున్నాయి, అలా పుట్టినవాటిలోనే హెచ్‌బీఎఫ్ ఎక్కువ అని వాళ్ల వాదం. దాన్ని పరీక్షించాలంటే మిథైల్ గుర్తుల జోలికి పోకుండా కణ విభజనను మాత్రమే ఆపే మందు కావాలి. హైడ్రాక్సీయూరియా అలాంటిది. 1984లో సైనోమోల్గస్ కోతులకు ఇచ్చారు. హెచ్‌బీఎఫ్ పెరిగింది. అదే ఏడాది కొద్దిమంది రోగుల్లోనూ పెరిగింది. 1995లో 299 మంది పెద్దవాళ్ల మీద జరిగిన పరీక్షలో నొప్పి దాడులు దాదాపు సగానికి తగ్గాయి. మిథైల్ వాదం ఓడిపోయిందనీ కాదు, డెసిటబిన్ అనే మందు మీద ఆ దారిలో పని సాగుతూనే ఉంది.

వాడకం సంగతి. సాధారణంగా రోజుకు కిలోకు 15 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, మన దగ్గర 10తో మొదలుపెట్టేవాళ్లూ ఉన్నారు. 33 కిలోల పిల్లకు రోజూ ఒక 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్. 50 కిలోల మనిషికి ఒక రోజు ఒకటి, మర్నాడు రెండు. మొదట్లో నెలకోసారైనా సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) తప్పదు. న్యూట్రోఫిల్స్ అనే తెల్ల కణాలు 2,000 కంటే, ప్లేట్‌లెట్లు 80,000 కంటే కిందికి పడితే డాక్టరు ఆపించి, కోలుకున్నాక తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. ఫలితానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ‘నెల వాడినం, గుంజుడు తగ్గలేదు’ అని మానేయడమే ఎక్కువ చోట్ల జరిగే తప్పు. గోలీ వేసుకుంటున్నారా లేదా అన్నది ఎంసీవీ (ఎర్ర కణం సగటు సైజు) పెరుగుదలలో తెలిసిపోతుంది. పిల్లల్ని కనాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి.

అపోహ: హెచ్‌బీఎఫ్ 20 శాతం దాటితే ఇక భయం లేదు.

వాస్తవం: ఆ 20 ఎలా పంచుకుందో శాతం చెప్పదు. యూరియా బస్తా మడి మూలన కుమ్మరించినా, మడంతా చల్లినా లెక్కకు ఒకే బస్తా. హెచ్‌బీఎఫ్ కూడా కొన్ని కణాల్లోనే కూడితే మిగతా కణాలు కొడవలిగా వంగుతూనే ఉంటాయి. ఒక్కో ఎర్ర కణంలో ఉండే సుమారు 30 పికోగ్రాముల హిమోగ్లోబిన్‌లో 10 దాకా హెచ్‌బీఎఫ్ ఉంటే ఆ కణానికి మంచి రక్షణ. సికిల్ జన్యువుతో పాటు, పుట్టుకతోనే హెచ్‌బీఎఫ్ ఆగని జన్యువు కూడా వచ్చినవాళ్లలో 30 శాతం అన్ని కణాల్లోనూ పరుచుకుని ఉంటుంది. వాళ్లకు దాదాపు లక్షణాలే ఉండవు. మన ప్రాంతపు సికిల్ రోగుల్లో ఎక్కువగా ఉండేది అరబ్-ఇండియన్ రకం. ఆఫ్రికా రోగుల కంటే వీళ్లకు హెచ్‌బీఎఫ్ ఎక్కువే, అయినా తీవ్రంగా బాధపడేవాళ్లు ఉన్నారు. ‘మన రకం తేలికైంది’ అని చెప్పి మందు ఆలస్యం చేయడం నాకు నచ్చని మాట. హెచ్‌పీఎల్‌సీ సగటు మాత్రమే ఇస్తుంది, కణానికి ఎంతో చూడాలంటే ఫ్లో సైటోమెట్రీ కావాలి.

అపోహ: కోతిలో హెచ్‌బీఎఫ్ పెరిగిందంటే మందు పనిచేసినట్టే.

వాస్తవం: ఇక్కడే వార్తలు బోల్తా పడతాయి. రక్తం తీయడమే హెచ్‌బీఎఫ్‌ను పెంచుతుంది, బబూన్‌లో మరీ ఎక్కువ. 5 కిలోల రీసస్‌లో మొత్తం రక్తం దాదాపు 280 నుంచి 300 మిల్లీలీటర్లు. ఒకసారికి అందులో పదో వంతు దాటకూడదు. వారం వారం శాంపిళ్లంటూ గుంజితే రెటిక్యులోసైట్లు (కొత్తగా పుట్టిన ఎర్ర కణాలు) పెరుగుతాయి, వెంట హెచ్‌బీఎఫ్, పేరు మందుకు. బబూన్ ప్రయోగాల్లో పీసీవీని (రక్తంలో ఎర్ర కణాల వాటా శాతం) కావాలనే 20 దగ్గరకు దించి అక్కడే నిలబెట్టేది ఈ గొడవ లేకుండానే. మందుకు ముందూ వెనకా రక్తహీనత ఒత్తిడి సమానంగా ఉంటుంది. మూలకణ మార్పిడిలో మజ్జను ఖాళీ చేశాక కూడా కొన్ని నెలలు హెచ్‌బీఎఫ్ దానంతటదే ఎగబాకి దిగుతుంది. జన్యువును మార్చని (ఎడిటింగ్ చేయని) కణాలు ఎక్కించిన జంతువు పక్కన లేకపోతే ఆ అంకె చూసి మురిసిపోవడం తప్ప ఏమీ మిగలదు.

ఇంకో తంటా యాంటీబాడీలది. మూలకణాల మీద ఉండే గుర్తు సీడీ34. మనిషి సీడీ34కు వాడే చాలా క్లోన్లు (యాంటీబాడీ రకాలు) రీసస్ కణాలకు అంటవు. 563, 12.8 లాంటివి అంటుతాయి. ఇది చూసుకోకుండా ఆర్డరిస్తే ట్యూబులో మూలకణాలే లేనట్టు కనబడుతుంది.

పైగా కోతులకు సికిల్ సెల్ జబ్బు సహజంగా రాదు. గామా మేల్కొందా, మార్చిన మూలకణం ఏళ్ల పాటు నిలిచిందా అన్నది కోతి చెబుతుంది. నొప్పి తగ్గిందా అన్నది మనుషుల్లో జరిగే పరీక్షే చెప్పాలి.

అపోహ: ఆర్‌హెచ్ పాజిటివ్ అంటే కోతి రక్తం.

వాస్తవం: కాదు. 1940లో లాండ్‌స్టైనర్, వీనర్ రీసస్ ఎర్ర కణాలను కుందేళ్లకు ఎక్కించి వచ్చిన యాంటీబాడీతో మనుషుల రక్తం పరీక్షించారు, పేరు అలా అంటుకుంది. ఆ యాంటీబాడీ పట్టింది ఆర్‌హెచ్ పాజిటివా కాదా అన్నది తేల్చే డి యాంటీజెన్‌ను కాదని, ఇప్పుడు ఎల్‌డబ్ల్యూ అని పిలిచే వేరేదాన్నని తర్వాత తేలింది.

అపోహ: జన్యు చికిత్స అంటే ఒక సూది, అయిపోతుంది.

వాస్తవం: గామాను ఆపి ఉంచే బీసీఎల్11ఏ అనే జన్యువును ఎర్ర కణాల్లో మాత్రమే నడిపించే స్విచ్‌ను కత్తిరించడం ఇందులో అసలు పని. క్యాస్‌గెవీ పేరుతో 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించాయి, 12 ఏళ్లు నిండినవాళ్లకు. మొదట ప్లెరిక్సాఫర్ అనే మందు ఇచ్చి మూలకణాలను రక్తంలోకి రప్పించాలి. మామూలు దాతలకిచ్చే జీ-సీఎస్ఎఫ్ అనే మందు సికిల్ రోగికి ఇస్తే ప్రాణాంతకమైన దాడి రావచ్చు. కిలో బరువుకు కనీసం 30 లక్షల సీడీ34 కణాలు కావాలి, ఒక విడతలో అందకపోతే మళ్లీ సేకరణ. ల్యాబులో ఎడిటింగ్, నాణ్యత పరీక్షలకు నెలలు పడుతుంది. తర్వాత బుసల్ఫాన్ అనే మందుతో పాత మజ్జను ఖాళీ చేస్తారు. దానివల్ల సంతానయోగ్యత పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ మాట ముందే మాట్లాడుకోవాలి. కణాలు ఎక్కించాక న్యూట్రోఫిల్స్ లేచేదాకా వారాల తరబడి ఆసుపత్రిలోనే. తగినంత కాలం గమనించిన 31 మందిలో 29 మందికి కనీసం ఏడాది పాటు తీవ్రమైన నొప్పి దాడులు రాలేదు. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు.