24/192 అని రాసి ఉంటే సౌండ్ బాగున్నట్టేనా? క్లాసికల్ రికార్డింగ్స్ మీద అపోహలు - వాస్తవాలు

పాత టేపుల్ని డిజిటల్‌లోకి ఎక్కించడం, మాస్టరింగ్ (విడుదలకి ముందు రికార్డింగ్ లెవెల్, టోన్ చివరిసారి సరిదిద్దడం) చెయ్యడం నా పని. వెస్టర్న్ క్లాసికల్ వినేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే, "సార్, నా సీడీలన్నీ తీసేసి హై-రెస్‌లో (24/192 లాంటి, సీడీ కన్నా పెద్ద నంబర్లుండే ఫైళ్ళలో) మళ్ళీ కొనుక్కోవాలా? సీడీలో సగం సంగీతం పోతుందంటున్నారు, ఇన్నేళ్ళూ నేను విన్నది సగమేనా?" అని. ఆ చివరి మాట అడిగేటప్పుడు వాళ్ళ మొహాల్లో నిజంగానే బాధ కనిపిస్తుంది. జీవితమంతా ఏరి ఏరి కూడబెట్టుకున్న కలెక్షన్ పనికిరాదని ఎవరో చెప్తే బాధ ఉండదా మరి. ఇలాంటి భయం పుట్టించేవాళ్ళ మీదే నాకు కోపం, భయపడేవాళ్ళ మీద కాదు. అందుకే ఎక్కువ డబ్బు తగలబెట్టే అపోహ గురించి కాస్త వివరంగా రాస్తున్నా, మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తా.

అపోహ: నంబర్ పెరిగేకొద్దీ సౌండ్ బాగుపడుతుంది. సీడీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, కాబట్టి 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ దానికన్నా ఎన్నో రెట్లు మేలు, డీఎస్‌డీ (సూపర్ ఆడియో సీడీ, అంటే ఎస్‌ఏసీడీలో వాడే ఇంకో పద్ధతి) అయితే ఇక చెప్పక్కర్లేదు.

వాస్తవం: శాంప్లింగ్ రేట్ (సెకనుకి సౌండ్‌ని ఎన్నిసార్లు కొలుస్తాం అన్నది, ఆ 44.1, 192 ఇవే) చెప్పేది ఎంత పై ఫ్రీక్వెన్సీ దాకా పట్టుకోగలం అని మాత్రమే. 44.1 కిలోహెర్ట్జ్‌తో 22.05 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకోవచ్చు, మనిషి చెవి కుర్రతనంలో కూడా 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. ఆ హద్దు లోపల ఉన్న సౌండ్‌ని 44.1 కొంచెం, 192 ఇంకొంచెం బాగా పట్టుకోవడం అంటూ ఉండదు, రెండూ పూర్తిగానే పట్టుకుంటాయి. మెట్లు మెట్లుగా ఉండే ఆ బొమ్మ చూపించి "ఇదిగో డిజిటల్ ఇలా ముక్కలైపోతుంది" అని చెప్తుంటారు చూడండి, ఆ బొమ్మ చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతుంది నాకు. డీఏసీ (డిజిటల్‌ని మళ్ళీ అనలాగ్ సౌండ్‌గా మార్చే పరికరం) నుంచి బయటికొచ్చే సిగ్నల్‌లో మెట్లు ఉండవు. 10 కిలోహెర్ట్జ్ టోన్‌ని 44.1లో రికార్డ్ చేసి ప్లే చేసి ఆసిల్లోస్కోప్ మీద చూస్తే నున్నటి తరంగమే కనిపిస్తుంది, ఫిల్టర్ ఉన్నదే ఆ పనికి.

బిట్ డెప్త్ (ఒక్కో కొలతని ఎన్ని బిట్లలో రాస్తాం అన్నది, ఆ 16, 24 ఇవే) చెప్పేది సంగీతానికి కింద నాయిస్ ఎంత దూరంలో ఉంటుంది అనేది. 16 బిట్‌కి సుమారు 96 డెసిబెల్స్ వస్తుంది. ఇప్పుడు 1950లు, 60ల నాటి మంచి అనలాగ్ టేపు తీసుకోండి, డాల్బీ నాయిస్ తగ్గింపు లేని రోజులవి, హిస్‌కీ (టేపు బుస్సుమనే చప్పుడు) ఫోర్టిసిమోకీ (అన్నిటికన్నా గట్టిగా వాయించే చోటు) మధ్య 70 డెసిబెల్స్ దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ టేపుని 24 బిట్‌లోకి ఎక్కిస్తే అదనంగా దొరికేది టేపు హిస్‌కి ఇంకా కింద ఉన్న నిశ్శబ్దం, అంతే. మరి రికార్డింగ్‌లో మేమెందుకు 24 బిట్ వాడతాం అంటే, రిహార్సల్‌లో ఒకలా వాయించిన ట్రంపెట్లు టేక్‌లో ఇంకోలా వాయిస్తాయి, క్లైమాక్స్ ఎంత పైకి పోతుందో ముందే తెలీదు కాబట్టి లెవెల్ 10, 15 డెసిబెల్స్ తగ్గించి పెట్టుకోవాలి, ఆ తర్వాత ఎడిటింగ్, మిక్సింగ్ ఉంటాయి. అది పనివాడి అవసరం. అన్నీ అయిపోయి చేతికొచ్చిన రికార్డింగ్‌కి 16 బిట్ చాలు.

"మరి నేను విన్నానండీ, తేడా స్పష్టంగా ఉంది" అంటారు. ఉంటుంది. అబద్ధం చెప్తున్నారని నేను ఎప్పుడూ అనను, ఎందుకంటే ఆ తేడా చాలాసార్లు నాకూ వినిపిస్తుంది. కాకపోతే అది ఎక్కణ్ణించి వచ్చిందన్నదే అసలు సంగతి. ఒక పెద్దాయన, వయసు డెబ్భై దాటింది, 60లలో టేపు మీద చేసిన సింఫనీ ఒకటి సీడీ, 24/192 డౌన్‌లోడ్ రెండూ పట్టుకొచ్చారు. విన్నాం. డౌన్‌లోడ్‌లో వయొలిన్లు విప్పారినట్టు ఉన్నాయి, ఆయన చెప్పింది నిజమే. అప్పుడు ఆ డౌన్‌లోడ్ ఫైల్‌నే తీసుకుని డిథర్‌తో (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే అతి సన్నటి నాయిస్) 16/44.1కి దించి, మళ్ళీ 24/192కి ఎక్కించి (డీఏసీ రేట్ మారితే వచ్చే టక్ చప్పుడుతో ఏది ఏదో దొరికిపోకుండా), లెవెల్ సమానంగా పెట్టి, ఏది ఏదో చెప్పకుండా వినిపించా. ఆయన కళ్ళు మూసుకుని చాలాసేపు శ్రద్ధగా విని "రెండూ ఒకటే బాబూ" అన్నారు. నాకూ అంతే. ఆ తర్వాత సీడీని పక్కన పెట్టి కొలిస్తే డౌన్‌లోడ్ లెవెల్ దాదాపు 2 డెసిబెల్స్ ఎక్కువ, పైన ట్రెబుల్ కొంచెం లేపి ఉంది. అంటే ఆయనకి నచ్చింది కొత్త మాస్టరింగ్. దాన్ని సీడీ మీద వేసినా అలాగే ఉండేది! "అయితే మిగతా సీడీలు ఉంచుకోవచ్చా?" అని అడిగారు, నిక్షేపంగా ఉంచుకోండి అన్నా.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. 2007లో మేయర్, మోరన్ అని ఇద్దరు ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ జర్నల్‌లో ఒక పరీక్ష ఫలితాలు వేశారు. ఎస్‌ఏసీడీ సిగ్నల్‌ని నేరుగా ఒకసారి, సీడీ స్టాండర్డ్‌కి కుదించి ఒకసారి వినిపించి ఏది ఏదో చెప్పమంటే, వినేవాళ్ళు 554 సార్లలో 276 సార్లు సరిగ్గా చెప్పారు, నాణెం ఎగరేసినా అంతే వస్తుంది. వాళ్ళే ఇంకోటి కూడా రాశారు, ఎస్‌ఏసీడీలు చాలావరకు మామూలు సీడీల కన్నా బాగానే ఉన్నాయి, కారణం ఫార్మాట్ కాదు, వాటిని తయారుచేసేటప్పుడు తీసుకున్న శ్రద్ధ అని. రెండో పక్కా చెప్పాలి కదా, 2016లో రైస్ అనే ఆయన ఇలాంటి 18 పరీక్షల ఫలితాలు కలిపి లెక్కేస్తే సరిగ్గా గుర్తుపట్టింది 52 శాతం చిల్లర వచ్చింది, శిక్షణ ఇచ్చినవాళ్ళలో ఇంకొంచెం ఎక్కువ. అంటే తేడా ఎవరికీ ఎప్పుడూ వినపడదని ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. కానీ కలెక్షన్ మొత్తం మళ్ళీ కొనుక్కునేంత తేడా అయితే కాదు.

ఇందులోనే ఇంకో మోసం ఉంది. సీడీ వెనకాల డీడీడీ (రికార్డింగ్, ఎడిటింగ్, మాస్టరింగ్ మూడూ డిజిటల్) అని ఉండి, రికార్డింగ్ తేదీ 1980లది అయితే, దాని ఒరిజినల్ మాస్టరే చాలావరకు 16 బిట్, 44.1 లేదా 48 అన్నమాట. దాన్నే 192కి అప్‌శాంపుల్ చేసి (లెక్కకట్టి శాంపుల్స్ పెంచి) హై-రెస్ అని అమ్మితే ఫైల్ సైజు పెరుగుతుంది, లోపల కొత్తగా ఏమీ రాదు. కొన్నాక అయినా చూసుకోండి, ఏదైనా ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత సౌండ్ ఉందో చూపించే బొమ్మ) తెరిస్తే 22 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు తెగిపోయి పైనంతా నల్లగా ఉంటే అది అప్‌శాంపుల్ చేసినదే అయ్యుంటుంది, నిర్మొహమాటంగా డబ్బు వెనక్కి అడగండి.

వయసు గురించి భయపడేవాళ్ళకి ఒక మాట. అరవై దాటాక 12 కిలోహెర్ట్జ్ పైన వినపడకపోవడం మామూలే, దాంతో "ఇక నాకు మంచి రికార్డింగ్ తేడా తెలీదు" అని దిగులుపడతారు. పియానో చివరి మెట్టు 4,186 హెర్ట్జ్. ఓబో ఓబోలాగా, చెల్లో చెల్లోలాగా వినిపించడానికి కావలసింది దాదాపు అంతా మీకు ఇంకా వినపడుతున్న హద్దులోనే ఉంది. బ్యాలెన్స్, హాల్ గాలి, వాయించేవాళ్ళ ఊపిరి, ఇవన్నీ పసిగట్టడంలో ఏళ్ళ తరబడి విన్న చెవి కుర్రచెవి కన్నా ఎన్నోసార్లు ముందుంటుంది, నా పనిలో రోజూ చూస్తుంటా.

ఇక మిగతావి.

ఎల్‌పీలో (గ్రామఫోన్ రికార్డు) ఉన్న సహజత్వం డిజిటల్‌లో రాదు అంటారు. ఎల్‌పీ అంటే నాకూ ఇష్టమే, కానీ నిమిషానికి 33⅓ సార్లు తిరిగే ప్లేట్‌లో గాడి లోపలికి పోయేకొద్దీ సూది కింద నడిచే వేగం తగ్గుతుంది, డిస్టార్షన్ పెరుగుతుంది, క్లాసికల్‌లో ఏమో పతాక ఘట్టం చాలాసార్లు చివర్లోనే వస్తుంది. రవేల్ బొలేరో తలుచుకోండి, సన్నగా మొదలై పావుగంట సేపు పెరుగుతూ పెరుగుతూ ఆర్కెస్ట్రా అంతా విరుచుకుపడే చోటికి సూది సరిగ్గా లేబుల్ పక్కన ఉంటుంది.

డీఎస్‌డీ అంటే ముట్టుకోని స్వచ్ఛమైన రికార్డింగ్ అనుకుంటారు. 1999లో ఎస్‌ఏసీడీతో వచ్చింది, 1 బిట్, సెకనుకి 28 లక్షల పైచిలుకు శాంపుల్స్. కానీ 1 బిట్ సిగ్నల్ మీద లెవెల్ మార్చడం, రెండు టేకులు అతకడం నేరుగా కుదరదు, అందుకని ఆ పనికి ఎక్కువగా 352.8 కిలోహెర్ట్జ్ పీసీఎంలోకి (సీడీలో వాడే పద్ధతే, రేట్ ఎక్కువ) మార్చి, మళ్ళీ డీఎస్‌డీకి తెస్తారు. ఒక సింఫనీలో వందల అతుకులుండటం మా పనిలో మామూలే. ఎస్‌ఏసీడీలో నిజంగా విలువైనది ఒకటుంది, అది మల్టీచానెల్. వెనక స్పీకర్లలోంచి హాల్ ప్రతిధ్వని వస్తుంటే ఆ అనుభవం స్టీరియోలో రాదు, ఆ సెటప్ ఉన్నవాళ్ళు తప్పకుండా కొనుక్కోండి.

ఫ్లాక్ (ఏమీ పోకుండా కుదించిన ఫైల్) కన్నా వేవ్ (కుదించని ఫైల్) మేలు అనేది శుద్ధ అబద్ధం, విప్పితే బిట్ కూడా మారదు. కేబుళ్ళ బర్న్-ఇన్ (కొన్ని గంటలు వాడితే కేబుల్ సౌండ్ బాగుపడుతుందనడం), సీడీ అంచుకి ఆకుపచ్చ మార్కర్ పూయడం, వీటికి జవాబు రాసే ఓపిక లేదు నాకు.

సౌండ్‌ని నిజంగా నిర్ణయించేవి హాలు, మైకులు ఎక్కడ పెట్టారు, మాస్టరింగ్ ఎవరు చేశారు అన్నవే. 1954లో షికాగో ఆర్కెస్ట్రా హాల్‌లో కండక్టర్ ఫ్రిట్జ్ రైనర్‌తో చేసిన స్టీరియో రికార్డింగ్స్, 1958 నుంచి 1965 దాకా వియన్నా సోఫియెన్‌సాల్‌లో కండక్టర్ షోల్టీతో డెక్కా కంపెనీ చేసిన వాగ్నర్ ఒపెరాల వరస 'రింగ్', ఇవి సీడీలో వినండి, నిన్న మొన్న 192లో చేసిన ఎన్నో రికార్డింగ్స్ కన్నా గదిలో ప్రాణంతో నిలబడతాయి. లండన్ కింగ్స్‌వే హాల్ అంటే ఇంజనీర్లు పడిచచ్చేవాళ్ళు, కింద భూగర్భ రైలు పోతున్న చప్పుడు రికార్డింగ్స్‌లో వినపడుతున్నా సరే ఆ హాల్ ధ్వని కోసం ఏళ్ళ తరబడి అక్కడే చేశారు.

కాబట్టి ఏదైనా మళ్ళీ కొనాలనిపిస్తే బుక్‌లెట్‌లో మూడు చూడండి, ఒరిజినల్ టేపు నుంచి కొత్తగా ట్రాన్స్‌ఫర్ చేశారా, ఏ ఏడాదిలో చేశారు, ఎవరు చేశారు. ఒరిజినల్ టేపు నుంచి కొత్త ట్రాన్స్‌ఫర్ అయితే, మీ దగ్గరున్నది 80లలో హడావిడిగా ఎల్‌పీ కోసం చేసిన కాపీ టేపు నుంచి తీసిన సీడీ అయితే, అప్పుడు కొనండి, అది మామూలు 16/44.1లో దొరికినా పర్లేదు. ఆ వివరాలేవీ ఇవ్వకుండా కవర్ మీద నంబర్ మాత్రమే పెద్దగా వేసి ఉంటే ఆ డబ్బుతో మీరు ఇంకా వినని రికార్డింగ్ ఇంకోటి తెచ్చుకోండి.